ఆరింటికి తెరిచిన గేటు

మా ముత్తాత జగ్గయ్యపేటలో మిరపకాయల కమీషన్ వ్యాపారి. ఆయన కాటా మీద ఒకసారి తూగిన బస్తాను మళ్ళీ ఎవరూ తూచేవారు కాదు. మా తాత దానికి తోడు కందులు, పెసలు కూడా పెట్టాడు. నందిగామ వైపు నుంచి, మునేరు అవతలి ఊళ్ళ నుంచి, అప్పటి నిజాం సరిహద్దు దాటి కూడా బళ్ళు వచ్చి మా కొట్టు ముందు వరసగా ఆగేవట. పేటకు కొత్తగా వచ్చిన తాసీల్దారు మొదటి వారంలోనే మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళేవాడని నాయనమ్మ చెప్పేది. మా తాత మాత్రం ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు, ఎవరి గడప ముందూ నిలబడి ఏదీ అడగలేదు. ఆ రెండూ మా ఇంటి ఆచారాల్లో చేరిపోయాయి.

నాన్న కాలంలో వ్యాపారం పోయింది. ఎలా పోయిందో ఇక్కడ రాయను. పేటలో అరవై దాటిన వాళ్ళందరికీ తెలిసిందే, మిగతావాళ్ళకు అక్కర్లేదు. నేను ఒక సిమెంటు కంపెనీ స్టోర్సులో గుమస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఎవరి ముందూ నడుం వంచకుండా చేరాను, వంచకుండానే బయటికి వచ్చాను. మా ఇంటి నుంచి నాకు దక్కిన వాటిలో ఇప్పటికీ చెడకుండా ఉన్నది నాలుగింటికి లేచే అలవాటు. అయిదున్నరకల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలోకి వస్తాను. తెరవడానికి కొట్టు లేకపోయినా సరే.

మా పేటలో సర్కారు బళ్ళను చూసుకోవడానికి ఒక కమిటీ ఉంది. ఎవరూ వేసింది కాదు, ఎవరూ జీతమిచ్చేది కాదు. పేటలో మూడు ప్రాథమిక పాఠశాలలు, వేదాద్రి దారిలో రెండు ఊళ్ళ బళ్ళు దాని కింద ఉన్నాయి. నెలలో రెండో ఆదివారం ఏదో ఒక బడి వరండాలో కూర్చుంటారు. కుళాయి కారుతోందా, ఫ్యాను తిరుగుతోందా, మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా అని తిరిగి చూసి, ఎవరి చేతిలో ఏ పని ఉంటే వాళ్ళు అది ఒప్పుకుంటారు. కమిటీ పెద్ద, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఆయన. రెండో మనిషి మా వీధి చివర టైలరు. ప్రభుత్వం యూనిఫాం గుడ్డ ఇచ్చినప్పుడు, కుట్టించుకోలేని పిల్లలకు ఆయన ఊరికే కుట్టి పెడతాడు. ఇంకొందరు వస్తూ పోతూ ఉంటారు.

మూడేళ్ళ కిందట కండక్టరు గారు మా ఇంటికి వచ్చారు.

"షావుకారు గారూ, మాకు అర్జీలు రాసే మనిషి కావాలండి. నేను రాస్తే టిక్కెట్టు వెనకాల చిల్లర రాసినట్టుంటది. మీ చేతిరాత చూసి ఆఫీసరు కుర్చీలోంచి లేవాలి."

ఆయన నన్ను చందా అడగలేదు. అడిగి ఉంటే ఇవ్వలేకపోయేవాణ్ణి, ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ మర్యాద నాకు నచ్చింది. కమిటీలో చేరాను. మినిట్సు పుస్తకం నా చేతికి వచ్చింది.

రెండేళ్ళలో మా వీధి బడికి చాలా చేశాం. ఫ్యాన్లు వచ్చాయి, మంచినీళ్ళ ఫిల్టరు వచ్చింది, ముందు గోడంతా రైలు బొమ్మ వేయించాం. ఒక్కో పెట్టెకు ఒక్కో కిటికీ, కిటికీలో ఒక్కో అక్షరం. బాగుందని అందరూ అన్నారు. పిల్లలు మాత్రం తగ్గుతూ వచ్చారు.

నిరుడు మార్చిలో హెడ్‌మాస్టరు మేడమ్ మమ్మల్ని పిలిచి కబురు చెప్పారు. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో తగినంత మంది లేరు కాబట్టి వాటిని హైస్కూలుకు తరలించే ఆలోచన ఉందట. హైస్కూలు సిమెంటు లారీలు వెళ్ళే రోడ్డుకు అవతల ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఆ రోడ్డు దాటాలి. ఆ రోడ్డు సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ పాటు ఆ లారీలకు గేట్‌పాస్ రాసింది నేనే. ఇక మా వీధిలో మిగిలేది ఒకటి, రెండు తరగతులు. రెండు తరగతులతో ఏ బడీ ఎక్కువ కాలం నిలవదని ఆ వరండాలో ఉన్న అందరికీ తెలుసు.

అర్జీ రాశాను. రెండు రోజులు పట్టింది. నందిగామలో ఉన్న పై అధికారికి ఇవ్వడానికి నేను, కండక్టరు గారు బస్సులో వెళ్ళాం. కంపెనీ పని మీద ఆఫీసులకు చాలాసార్లు వెళ్ళాను కాని, మా తరఫున ఏదైనా కావాలని అడగడానికి మెట్లెక్కడం అదే మొదలు. మా ఇంట్లో మొదటి మనిషిని నేనే. మెట్లు అయిదే. నాకు ఇప్పటికీ లెక్క గుర్తుంది.

అధికారి మర్యాదస్తుడు. కుర్చీలు చూపించాడు. అర్జీ చివరి దాకా చదివి చేతిరాత బాగుందన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు.

"ఆగస్టులో నేనే వచ్చి పిల్లల్ని లెక్క చూస్తానండి. పిల్లలుంటే తరగతులుంటాయి. లేకపోతే అర్జీ ఎంత బాగున్నా నేనేం చెయ్యలేను."

తిరుగు బస్సు చిల్లకల్లు దాటుతుంటే కండక్టరు గారు, "లేవలేదు గానీ చదివాడండి. మా డిపో మేనేజరు చదివేవాడు కూడా కాదు," అన్నారు.

బడి తెరిచే ముందు వారం ఇల్లిల్లూ తిరగాలని నిర్ణయించాం. తొమ్మిదిన్నరకు టిఫిన్లు చేసి బయల్దేరేవాళ్ళం. గడప ముందు నిలబడి అడగడం నాకు చేతకాదని ముందే చెప్పాను. మీరు ఊరికే నిలబడండి, నేను అడుగుతానన్నాడు టైలరు. ఆ బాధ కూడా తప్పిపోయింది. మేం వెళ్ళిన ఇళ్ళన్నిటికీ తాళాలే. బడి వెనక కాలనీలో మూడు వరసలు తిరిగితే మనిషి కనిపించినవి రెండే ఇళ్ళు, రెండింట్లోనూ ముసలివాళ్ళు. బడి తెరిచాక కూడా నాలుగు రోజులు తిరిగాం. అవే తాళాలు. పిల్లలు మాత్రం పసుపు వ్యానుల్లో ప్రైవేటు బళ్ళకు పోతున్నారని తెలిసింది. ఆ ఆదివారం మినిట్సులో ‘తల్లిదండ్రులలో పిల్లల చదువు పట్ల శ్రద్ధ లోపించినది’ అని రాశాను. అందంగా రాశాను. అందరూ సంతకాలు పెట్టారు.

నేను రాసినవాటిలో అంత తప్పుమాట ఇంకొకటి లేదు. అది తప్పని నాకు మర్నాడు పొద్దున్నే తెలిసింది.

రోజూ నేను నడిచే దారిలో, కాలనీ మలుపు దగ్గర ఆరింటికి ఆటోలు ఆగి ఉంటాయి. కలుపు తీతకు, పత్తి చేలకు వెళ్ళే ఆడవాళ్ళు క్యారేజీలు, నీళ్ళ సీసాలు పట్టుకుని ఎక్కుతుంటారు. ఏళ్ళ తరబడి వాళ్ళను చూస్తూనే ఉన్నాను. ఒక్కరోజూ పలకరించలేదు. వాళ్ళూ నన్ను పలకరించలేదు. ఆ రోజు ఆటోల పక్కన మెట్టు మీద నలుగురు పిల్లలు టై కట్టుకుని, బూట్లేసుకుని, ఒకరి భుజం మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. తొమ్మిదిన్నరకు తాళం ఎందుకుందో ఆ క్షణాన అర్థమైంది. మేమంతా కొట్లూ ఆఫీసులూ నడిపిన వాళ్ళం. మా లెక్కలో రోజు తొమ్మిదింటికి మొదలవుతుంది. వాళ్ళ రోజు అప్పటికి సగం అయిపోయి ఉంటుంది.

ఆడవాళ్ళను పోగుచేసి ఆటో ఎక్కిస్తున్నది ముఠా మేస్త్రి. నలభై ఏళ్ళుంటాయి. ఆ నలుగురిలో ఒక పిల్ల ఆమె కూతురే. నేను దగ్గరికి వెళ్ళి, ఏమమ్మా, మా బడికి ఎందుకు పంపడం లేదని అడిగాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

ఆమె నన్ను పైనించి కిందికి చూసింది. "మీ బడి మంచిదేనయ్యా. గోడ మీద రైలు బొమ్మ కూడా ఉందంట. తొమ్మిదింటికి తీస్తారు గదా. ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఈ పిల్లని మీ రైల్లో కూర్చోబెట్టమంటారా?"

ఆటోలో ఆడవాళ్ళు నవ్వారు.

"మరి ప్రైవేటు బడీ తొమ్మిదింటికే కదమ్మా," అన్నాను.

"వ్యాను ఆరున్నరకొస్తది. ఊళ్ళన్నీ తిప్పి తిప్పి తీసుకపోతాడు. తిప్పితే తిప్పనీ. ఒక మనిషి కళ్ళ ముందర కూర్చుంటది గదా. మేం కట్టేది చదువుక్కాదయ్యా, ఆ సీటుకి."

రెండేళ్ళుగా మేం ఫ్యాన్లు తెచ్చాం, రంగులు వేశాం. వాళ్ళకు కావలసింది పొద్దున మూడు గంటలు, సాయంత్రం ఒకటిన్నర గంట. ఆ సమయానికి అక్కడ ఒక మనిషి. పేటలో ఆరింటికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేయడానికి ఏ పనీ లేకుండా నిలబడి ఉన్న మనిషిని నేనే.

"ఆరింటికి గేటు తీస్తే పంపుతారా?" అన్నాను.

"ఎవరు తీస్తారు?"

"నేను తీస్తాను."

"ఎన్ని రోజులు తీస్తారండీ?" అంది. ఆటో వాడు హారను కొట్టాడు. ఆమె వాడి వైపు చెయ్యి చూపించి ఆపింది. జవాబు వినే దాకా ఎక్కలేదు.

"రోజూ," అన్నాను.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. మినిట్సులో నేను రాసిన వాక్యం మీద అందరి ముందూ గీత కొట్టి పక్కన సంతకం పెట్టాను. కండక్టరు గారు డ్యూటీ చార్టు వేశారు. మేడమ్ ముందు భయపడ్డారు. తర్వాత నందిగామకు ఫోను చేసి అనుమతి తీసుకున్నారు. వరండా, ఆవరణ మాత్రమే; తరగతి గదులు తెరవకూడదు; పెద్దమనిషి ఒకరు కదలకుండా ఉండాలి. గేటు తాళంచెవి నా చేతికిచ్చారు. చార్టు ప్రకారం సోమ, గురు కండక్టరు గారివి. ఆయన రెండో సోమవారం ఏడుంబావుకి వచ్చి, "ముప్పై ఏళ్ళు ఫస్ట్ బస్సు డ్యూటీ చేశానండి, ఇంక లేవమంటే ఒళ్ళు లేవదు," అని ఒప్పేసుకున్నారు. సాయంత్రాలు మిగతావాళ్ళు పంచుకున్నారు. పొద్దున్నలన్నీ నావే అయ్యాయి.

మొదటి రోజు ముగ్గురు పిల్లలు వచ్చారు. మేస్త్రి కూతురు అందులో లేదు. నాకు పిల్లలతో ఆడటం రాదు, కథలు చెప్పడం రాదు. నిటారుగా కూర్చోమన్నాను. కూర్చున్నారు. తర్వాత ఏం చేయాలో తెలియక, మా తాత నాకు నేర్పిన ముప్పావు ఎక్కం అందుకున్నాను. ఒక ముప్పావు ముప్పావు, రెండు ముప్పావులు ఒకటిన్నర, మూడు ముప్పావులు రెండుంబావు. వాళ్ళకది పాటలా ఉంది. వారం తిరిగేసరికి ఎనిమిది మంది గొంతెత్తి చదువుతుంటే ఆటోలు గేటు దగ్గర నెమ్మదించేవి.

ఒక రోజు మా పెద్దమ్మ అల్లుడు స్కూటరు మీద పోతూ ఆగాడు. పేటలో రెండు హోల్‌సేల్ కొట్లున్న మనిషి. వరసకు బావ.

"ఏం బావా, గేటు దగ్గర డ్యూటీ అంటగా? యూనిఫాం ఇచ్చారా, విజిల్ ఒక్కటేనా?"

"ఏమీ ఇవ్వలేదు బావా. జీతం లేకుండా నేను చేస్తున్న పని జన్మలో ఇదొక్కటే. మా తాత చూస్తే సంతోషించేవాడు," అన్నాను. ఆయన నవ్వబోయి, పిల్లలు ముప్పావు ఎక్కం చదువుతుంటే ఒక నిమిషం విన్నాడు. అది తనకూ వచ్చు కాబట్టి పెదాలు కదిలాయి. స్కూటరు తిప్పుకుని వెళ్ళాడు.

జూలై సగమయ్యే సరికి పదకొండు మంది మా బడిలో చేరారు. తరగతులు నిలవడానికి కావలసిన సంఖ్యకు ఇంకా తొమ్మిది మంది తక్కువ. ఆగస్టు ఎంతో దూరం లేదు.

అప్పుడు ముసురు పట్టింది. మూడో రోజు వాన పెద్దదైంది. చేలల్లో పని లేదు కాబట్టి ఆటోలు రావు, తల్లులు ఇళ్ళలోనే ఉంటారు, పిల్లలూ రారు. ఆ విషయం నాకు తెలుసు. అయినా రోజూ అన్నాను. గొడుగు వేసుకుని వెళ్ళి ఆరింటికి గేటు తీసి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆరున్నర అయ్యాక ఒక ఆటో వచ్చి ఆగింది. ముఠా మేస్త్రి, యూరియా సంచి తలకు కప్పుకుని దిగింది. పిల్ల లేదు, ముఠా లేదు.

"ఏమమ్మా, పనుందా ఇవాళ?" అన్నాను.

"లేదయ్యా. మీరున్నారో లేదో చూసి పోదామని వచ్చా," అంది.

వరండాలోకి కూడా రాలేదు. చూసింది, వెళ్ళింది. నెల రోజులుగా ఆమె ఆటో ఈ వీధి మీదుగానే ఎందుకు పోతోందో నాకు అప్పుడు తెలిసింది.

వాన తగ్గిన రోజున ఆమె కూతురితో పాటు ఇంకో పది మంది పిల్లలు వచ్చారు. ముఠాలో తల్లులందరికీ ఆమె మాటే మాట. మేడమ్ చేర్చుకునే పుస్తకం ముందేసుకుని ఆగకుండా రాశారు. మధ్యాహ్నం భోజనం వండే ఆమె వచ్చి, ఇంతమందికి బియ్యం నానబెట్టలేదని గోల పెట్టింది. ఆ గోల నాకు ఎంతో హాయిగా వినిపించింది.

మా సంతోషం ఒక్క రోజు కంటే ఎక్కువ నిలవలేదు. వరండా చిన్నది. మర్నాడు మళ్ళీ జల్లు పడితే సగం మంది పిల్లలు తడిశారు. తడిసిన పిల్ల దగ్గితే తల్లి మళ్ళీ వ్యాను ఎక్కిస్తుంది, అందులో ఆమె తప్పేమీ లేదు. ఆవరణలో షెడ్డు వేయాలి, వారంలో వేయాలి. కమిటీ వరండాలో నిలబడే మాట్లాడుకుంది. టైలరు తన కొట్టు ముందున్న టార్పాలిన్ ఇస్తానన్నాడు. అది గాలికి ఆగదన్నారు కండక్టరు గారు. రేకులూ దూలాలూ ఎక్కడి నుంచి తేవాలో ఎవరికీ తోచలేదు.

మా కుటుంబానికి అప్పటికి మిగిలింది ఒక్కటే. మార్కెట్ వెనక, మా తాత మిరప బస్తాలకు కట్టించిన గోడౌను. ఇరవై ఏళ్ళుగా అద్దెకు అడిగిన వాళ్ళు లేరు. టేకు దూలాలు మాత్రం చెక్కు చెదరలేదు, రేకులు నాన్న మార్పించినవి. దాన్ని అమ్మమని మా తమ్ముడు అడిగినప్పుడల్లా చూద్దాం అంటూ వచ్చాను. అది నిలబడి ఉన్నంత కాలం పేటలో మాకంటూ ఒక చోటు ఉందనుకునేవాణ్ణి.

"దూలాలు నేను తెస్తాను," అన్నాను.

కండక్టరు గారికి నేను దేని గురించి చెబుతున్నానో అర్థమైంది. "షావుకారు గారూ, కప్పు తీశాక అది గోడౌను కాదండి," అన్నారు మెల్లగా.

"తెలుసు," అన్నాను. తమ్ముడికి ఫోను చేశాను. ఎప్పుడు విప్పుతున్నావు, నేనూ వస్తానన్నాడు. శనివారం వచ్చాడు. పై నుంచి దూలం దించుతుంటే కింద నిలబడి భుజం పట్టింది వాడే. బావ తన కొట్టు ట్రాక్టరు పంపించాడు. ఎవరూ అడగలేదు, తనే పంపించాడు. ఆదివారం సాయంత్రానికి ఆవరణలో షెడ్డు లేచింది. దూలాల నుంచి ఇంకా మిరపకాయ ఘాటు వచ్చేది. మొదటి రోజు పిల్లలంతా తుమ్ముతూనే ఎక్కాలు చదివారు.

ఆగస్టులో అధికారి వచ్చాడు. తొమ్మిదింటికి వస్తాడనుకుంటే ఏడున్నరకే వచ్చాడు. ఆరింటికి గేటు తీస్తారన్న మాట నిజమో కాదో చూడాలనుకున్నాడట. లెక్క రోజు కదా అని మేడమ్, టైలరు, తొమ్మిదింటికి వచ్చే పాత పిల్లలు కూడా పొద్దున్నే వచ్చేశారు. షెడ్డు కింద పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఆయన ఒక్కో వరస ముందూ నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. కాగితం మీద రాసుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మేడమ్ చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. టైలరు గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండోసారీ అదే సంఖ్య వచ్చింది. కావలసిన దానికంటే ఇద్దరు ఎక్కువ.

ఆయన పిల్లల వైపు తిరిగి, అయిదు ముప్పావులు ఎంత అని ఊరికే అడిగాడు. మేస్త్రి కూతురు లేచి నిలబడి, "మూడూ ముప్పావు సార్. ఆరు అడగండి," అంది.

ఆయన నవ్వాడు. ఆరు అడగలేదు. నా దగ్గరికి వచ్చి, "మీ అర్జీ ఇంకా నా బల్ల మీదే ఉందండి," అన్నాడు. నేను కుర్చీలోంచి లేచాను. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం.

పది రోజులకు కాగితం వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతులు మా వీధిలోనే ఉంటాయి. సాయంత్రం పనుల నుంచి దిగుతున్న ఆడవాళ్ళ కోసం ఆటోల మలుపు దగ్గర నిలబడి, కండక్టరు గారు ఆ కాగితాన్ని బస్టాండులో ఊళ్ళ పేర్లు పిలిచినట్టు గొంతెత్తి చదివారు. ముఠా మేస్త్రి విని తల ఊపి, "రేపు ఆదివారం గదా, ఎల్లుండి ఆరింటికి తీస్తారు గదా?" అని నన్ను అడిగింది. తీస్తానన్నాను. అంతే, క్యారేజీ తీసుకుని ఇంటికి పోయింది. నందిగామ దగ్గర ఒక ఊరి నుంచి, పరిటాల దాటి ఇంకో ఊరి నుంచి మనుషులు వచ్చి మా గేటు పద్ధతి చూసి వెళ్ళారు. వాళ్ళకు నేను చెప్పింది ఒకటే: తొమ్మిదిన్నరకు ఇళ్ళకు వెళ్ళకండి.

ఇప్పుడు రోజూ షెడ్డు నిండుతోంది. ఎక్కాలు ఒకటింబావు దాకా వచ్చాం.

గోడౌను మొండిగోడలతో సహా ఆ స్థలాన్ని కార్తీక మాసంలో ఒక ఎరువుల వ్యాపారికి అమ్మేశాం.